చలికి పొద్దున్నే కారు అదురుతోంది, ఎందుకు?
షికాగోలో రాత్రంతా బయట ఉంచిన కారు పొద్దున బయల్దేరగానే దడదడలాడుతోందని, పది మైళ్లు పోయాక మామూలైపోతోందని అడిగారు. నా అనుమానం టైర్ల మీదే.

కారు బరువుకి టైరు నేలకి ఆనిన చోట కాస్త చదునవుతుంది. చలికి రబ్బరు, లోపలి నైలాన్ పొర బిగుసుకుని ఆ చదును అలాగే ఉండిపోతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ అక్కడో దెబ్బ. పావుగంటో ఇరవై నిమిషాలో నడిస్తే వేడెక్కి మళ్లీ గుండ్రమవుతుంది. గాలి తక్కువుంటే ఇది ఇంకా ఎక్కువ. ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారన్‌హీట్ తగ్గితే టైరులో గాలి ఒత్తిడి సుమారు 1 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) పడిపోతుంది. కాబట్టి కారు కదలకముందే గాలి చూడండి. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్‌లో ఉన్న అంకె వరకు గాలి పట్టాలి, టైరు మీద ఉన్నది కాదు, అది గరిష్ఠం.

మంచు పడ్డ మర్నాడే, అదీ హైవే మీద స్టీరింగ్ వణికితే టార్చి పట్టుకుని చక్రాల లోపలివైపు చూడండి. రిమ్‌లో గడ్డకట్టిన మంచు బ్యాలెన్స్ చెడగొడుతుంది. నేనొకసారి షాపుకి తీసుకెళ్తే ఆ వెచ్చదనానికి గడ్డ కరిగిపోయింది, బ్యాలెన్సింగ్ డబ్బులు మాత్రం నావి!

ఆగి ఉన్నప్పుడే అదురుతుంటే టైర్లని వదిలేయండి. గేరు డ్రైవ్‌లో పెట్టి బ్రేకు తొక్కితే పెరిగి, న్యూట్రల్‌లో తగ్గితే ఇంజన్ మౌంట్ల (ఇంజన్‌ని కారుకి పట్టి ఉంచే దిమ్మల) రబ్బరు పాడైందేమో. చెక్ ఇంజన్ లైటు కూడా మెరుస్తుంటే మిస్‌ఫైర్, అంటే ఇంజన్‌లో ఇంధనం సరిగా మండట్లేదు, ఆలస్యం చేయకుండా మెకానిక్‌కి చూపించండి.