అప్పులిచ్చే బ్యాంకులో ఎకనామిస్టు కొలువు: మేనకోడలికి ఉత్తరం

అమ్మడూ,

ఆశీస్సులు. ఎం.ఏ. అయ్యాక ప్రపంచ బ్యాంకులోనో, మనీలాలోని ఏడీబీ, అదే ఆసియా అభివృద్ధి బ్యాంకులోనో చేరాలని ఉందన్నావు. సంతోషం. జీతాల సంగతి నెట్‌లో దొరుకుతుంది, దాని జోలికి పోను.

అసలు పని ఇది. ఒక ప్రభుత్వం కాలవలు బాగుచేసుకోవడానికి అప్పు అడుగుతుంది. పెట్టే ఖర్చుకి తగ్గ ఫలితం జనానికి దక్కుతుందా అని రాబోయే ఇరవై, పాతికేళ్లకి లెక్క కట్టాలి. ఎక్సెల్‌లో ఎకరా దిగుబడి కాస్త పెంచావంటే ఏ ప్రాజెక్టైనా గట్టెక్కుతుంది. పెంచమని ఎవరూ నోటితో చెప్పరు. కానీ అప్పు మంజూరైతేనే అందరికీ మంచి పేరు కదా!

అందుకని ఈ సెలవుల్లో అమలాపురం వచ్చి మురుగు కాలవల వెంట తిరుగు. ధవళేశ్వరం నుంచి నీళ్లు తెచ్చుకోవడం మనకి 1852 నుంచీ తెలుసు. ఆ నీళ్లు చేలోంచి దిగి సముద్రంలో కలవడమే కష్టం. 2011లో కోనసీమ రైతులు సార్వాకి (ఖరీఫ్‌కి) క్రాప్ హాలిడే పెట్టింది, అంటే పంటే వేయకుండా వదిలేసింది, గిట్టుబాటు ధర లేక, కూలి ఖర్చు పెరిగి అన్నది నిజమే. పూడుకుపోయిన డ్రెయిన్లూ ఒక కారణమే. గుర్రపుడెక్క ఎవరు తీయిస్తారు, బిల్లు ఎప్పుడు వస్తుంది, కౌలు రైతు భూమి యజమానికి ఎన్ని బస్తాలు మక్తా (కౌలు) కొలుస్తాడు, అన్నీ అడుగు. ఇంజనీరు కంటే ముందు కాలవ మీద కాపలా ఉండి నీళ్లు చూసే లస్కర్ని అడుగు. రేపు ఫైల్లో ‘నిర్వహణ ఖర్చు ప్రభుత్వానిదే’ అని కనబడితే, ఏ పద్దు కింద అని అడగడం నీకే వస్తుంది.

1996 నవంబరు తుఫాను తర్వాత మన రాష్ట్రానికి ప్రపంచ బ్యాంకు అప్పు వచ్చింది. అలాంటి ప్రాజెక్టుల మదింపు పత్రం, ముగింపు నివేదిక వాళ్ల సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువు. మొదట ఏం ఆశించారు, చివరికి ఏం జరిగింది అన్నది క్లాసులో ఇంత బాగా తెలియదు.

ఎకనోమెట్రిక్స్, అదే గణాంకాలతో ఆర్థిక విషయాలు తేల్చే శాస్త్రం, గట్టిగా పట్టు. ఇండియా 2014లో ఐడీఏ (పేద దేశాలకి అప్పిచ్చే ప్రపంచ బ్యాంకు విభాగం) చౌక అప్పుల జాబితాలోంచి బయటికొచ్చేసింది. ఇప్పుడు ఆ డబ్బులో పెద్ద వాటా ఆఫ్రికాకే, కాబట్టి ఫ్రెంచి నేర్చుకుంటే పనికొస్తుంది. ప్రపంచ బ్యాంకు కుర్రకారుని తీసుకునే యంగ్ ప్రొఫెషనల్స్ ప్రోగ్రాంకి 32 ఏళ్లలోపే అప్లై చెయ్యాలి, పోటీ విపరీతం. అదొక్కటే నమ్ముకోకు. చాలామంది కన్సల్టెంట్లుగా చిన్న చిన్న కాంట్రాక్టులతోనే లోపలికి వెళ్తారు.

కాంట్రాక్టు అనగానే మీ నాన్నకి టెన్షన్. సంక్రాంతికి బావతో నేను మాట్లాడతాలే.

మీ మామయ్య