బోణీ కాకముందు ఫోన్ చేస్తే

చిత్తూరు

అల్లుడూ,

కాటాలు అమ్మడానికి రోజుకు అరవై ఫోన్లు చేసినా నలుగురు కూడా సరిగ్గా మాట్లాడటం లేదని మీ అమ్మతో వాపోయావట. నాకు మాట్లాడటం చేతకాదేమో అని టెన్షన్ పడుతున్నావనీ చెప్పింది. మాటతీరు సంగతి తర్వాత చూద్దాం. పొద్దున 10 గంటలకు కూర్చుని, ఆఫీసువాళ్లిచ్చిన లిస్టును పైనుంచి కిందికి చేసుకుంటూ పోతున్నావు కదూ? కాటాలు అమ్మడం మొదలుపెట్టిన కొత్తలో నేనూ అంతే.

తిరుపతి గాంధీరోడ్డులో నగల అంగడాయన 10 గంటలకు అప్పుడే దీపం పెట్టి గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉంటాడు. ఇంకా బోణీ కాలేదు. ఆయనకు డబ్బు ఖర్చయ్యే మాట నువ్వే మొదట ఎత్తితే, ఆ రోజు బేరం తగ్గినా నీ ఖాతాలోనే రాస్తాడు. 12 దాటనీ. కిరాణా అంగళ్లకు మధ్యాహ్నం 2.30 నుంచి 4 దాకా మంచి టైము. పాల సెంటర్లవాళ్లు పొద్దున్నే, మళ్లీ సాయంత్రం పాలు పోయించుకోవడంలో ఉంటారు, మధ్యలోనే తీరిక. నువ్వు 10 గంటలకు చేయాల్సింది వాళ్లకే.

రాహుకాలం నువ్వు నమ్మకపోవచ్చు. కొనేవాడు నమ్ముతాడు. శుక్రవారం 10.30 నుంచి 12, మంగళవారం 3 నుంచి 4.30. ఆ టైములో బాగానే మాట్లాడతారు గానీ 'సరే, పంపించు' మాత్రం అనరు. అందుకే నేను రాహుకాలంలో పాత కస్టమర్లకు ఫోన్ చేసి, కాటా ఎట్లా పనిచేస్తోందని అడిగేవాణ్ణి. కొత్త అంగళ్ల పేర్లు ఎక్కువగా వాళ్ల నోటినుంచే వచ్చాయి.

రోజులో గంటల కంటే ఏడాదిలో నెలలు తప్పితే దెబ్బ గట్టిగా తగులుతుంది. ఒకసారి జూన్ నెలలో దామలచెరువు వైపు ఒక మామిడి మండీ ఆయనకు ఫోన్ చేశాను. తోతాపురి ముమ్మరంగా దిగుతోంది. రాత్రినుంచి ట్రాక్టర్లు వరస కట్టి ఉన్నాయి, ఫోన్‌లోనే హారన్లు వినిపిస్తున్నాయి. గుజ్జు ఫ్యాక్టరీ రేటు కోసం ఆయన ఎదురుచూస్తున్నాడు. నేను "అన్నా, కొత్త మోడల్ కాటా..." అన్నానో లేదో, "కాయలు కుళ్లిపోతుంటే కాటా ఏందబ్బా!" అని పెట్టేశాడు. మూడేళ్లు నా ఫోన్ ఎత్తలేదు. మండీలకు మార్చిలో చేయాలి. అప్పుడు పందిళ్లు వేయించుకుంటూ, పాత సామాను దులుపుతూ తీరిగ్గా ఉంటారు. తిరుపతి అంగళ్లకు బ్రహ్మోత్సవాలప్పుడు చేయనే వద్దు. నెలన్నర ముందు చెయ్, రద్దీకి ఏం కావాలో అంగడాయనే చెబుతాడు.

ఇక మీ మేనేజరు చెప్పని సంగతి ఒకటుంది. ఎప్పుడు ఫోన్ చేయాలో కాటా మీదే రాసి ఉంటుంది. ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించాలి. ఆ ముద్రలో సంవత్సరంతోపాటు ఏ, బీ, సీ, డీలలో ఒక అక్షరం ఉంటుంది. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ అంటే ఏప్రిల్ నుంచి జూన్, అట్లా మూడేసి నెలలు. నేను పావుకిలో వంకాయలు కొంటూ కూడా వంగి ఆ అక్షరం చూసేవాణ్ణి. మీ అత్త తలకొట్టుకునేది. ఇంటికొచ్చి నోటుబుక్కులో అంగడి పేరు, అక్షరం రాసుకుని, గడువుకు నెల ముందు ఫోన్ చేసేవాణ్ణి. పాతదాన్ని రిపేరు చేయించి ముద్ర వేయించాలా, కొత్తది తీసుకోవాలా అని ఆయన లెక్కలు వేసుకునే రోజులవి. ఆ ఫోన్లకు ఎవరూ విసుక్కోలేదు.

ఒకసారి వద్దన్నవాళ్లకు మళ్లీ మళ్లీ చేయకు. అక్కర్లేని అమ్మకాల ఫోన్ల మీద ఫిర్యాదు చేసే 1909 నంబరుకు కంప్లైంట్ పోతే నీ నంబరే ఆగిపోవచ్చు. 'ఇప్పుడు కుదరదు' అన్నవాళ్లు వేరు. "ఎప్పుడు చేయమంటారన్నా?" అని వెంటనే అడుగు. చెప్పిన టైము రాసుకుని, ఆ నిమిషానికే చెయ్.

శుక్రవారం మీ అమ్మ ఇక్కడికి వస్తోంది కదా, ఆ నోటుబుక్కు ఇచ్చి పంపుతాను. నంబర్లు చాలావరకు పాతవి, కొన్ని అంగళ్లు మూసేశారు కూడా. పేర్ల పక్కన ఎర్ర ఇంకుతో రాసిన టైములు మాత్రం ఒకసారి చూడు. మండీ ఆయన పేరు పక్కన ఏముందో మీ అత్తకు చదివి వినిపించకు.

ఇట్లు,
మీ మామ