కారు వరదలో మునిగింది, ఇంజిన్ ప్రొటెక్ట్ లేదు. క్లెయిమ్ వస్తుందా?

సెల్లార్‌లో పెట్టిన కారు సీటు దాకా మునిగిందనీ, కాంప్రహెన్సివ్ పాలసీ (మన బండికీ, ఎదుటివాళ్లకీ కలిపి తీసుకునేది) ఉంది కానీ ఇంజిన్ ప్రొటెక్ట్ తీసుకోలేదనీ, సర్వీస్ సెంటర్ వాళ్లు "ఇంజిన్ పోయుంటుంది, క్లెయిమ్ కష్టం" అంటున్నారనీ అడిగారు.

వస్తుంది. సర్వీస్ సెంటర్ కౌంటర్లో కూర్చున్నవాళ్లు "కష్టం సార్" అంటే దానర్థం వాళ్లకి కష్టం అని. మీకేం కాదు. మీ పాలసీ కాగితం తీసి ఓన్ డ్యామేజ్ భాగం, అంటే మీ సొంత బండికి జరిగే నష్టం గురించి ఉన్నది చదవండి. అగ్ని ప్రమాదం, దొంగతనం, భూకంపం పక్కనే వరద, తుఫాను, వడగళ్లు అని రాసి ఉంటుంది. కార్పెట్, సీట్లు, వైరింగ్, కంప్యూటర్ బాక్సులు అన్నీ ఇందులోకే వస్తాయి. మామూలు పాలసీలో రానిది ముఖ్యంగా ఒకటి. బండి నీళ్లలో ఉండగా, లేదా నీళ్లు తీశాక పరీక్ష చేయించకుండా సెల్ఫ్ కొట్టి ఇంజిన్ పాడు చేసుకుంటే ఆ ఇంజిన్ ఖర్చు రాదు. వరద వల్ల జరిగింది కాదు, ఆ తర్వాత మీరు చేసుకున్నది అని కొట్టేస్తారు. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్-ఆన్ (అదనంగా డబ్బు కట్టి తీసుకునే కవరు) పనికొచ్చేది అక్కడే.

కాబట్టి మీరు అడగాల్సిన అసలు ప్రశ్న వేరే ఉంది. నష్టం చూసి లెక్కగట్టే సర్వేయర్ వచ్చిన రోజు మీ బండి పక్కన ఎవరు నిలబడతారు? నా లెక్కలో క్లెయిమ్‌లో ముప్పాతిక వంతు ఆ అరగంటలోనే తేలిపోతుంది. పాలసీ ఎంత ఖరీదైనదైనా సరే.

మాది విజయవాడ, సింగ్‌నగర్ ఫ్లైఓవర్‌కి దగ్గర. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం, బుడమేరు వాగు పొంగి మా మీద పడిన రోజు. టీవీల్లో మీరంతా చూసే ఉంటారు. మా వీధి కాస్త మెరక, అందుకని లోపలి కాలనీల్లో లాగా ఫస్ట్ ఫ్లోర్ దాకా రాలేదు. కింద పార్కింగ్‌లో ఉన్న మా వ్యాగన్ఆర్‌కి మాత్రం సీట్లు తడిసేదాకా వచ్చి అక్కడే నిలబడింది. బండి 2020 దసరాకి కొన్నది. ఇంజిన్ ప్రొటెక్ట్ లేదు, జీరో డెప్ (పార్టుల పాతదనం కింద కోత పెట్టకుండా ఇచ్చే యాడ్-ఆన్) కూడా లేదు.

పొద్దున నీళ్లు టైర్ల దగ్గర ఉన్నప్పుడే ఆటోనగర్‌లో మాకు ఎప్పటినుంచో తెలిసిన మెకానిక్ బాబాయ్‌కి ఫోన్ చేశాను. "అబ్బాయ్, బండి తీసి ఎక్కడికీ పోవద్దు, ఎటు పోయినా నీళ్లే. బ్యాటరీ మైనస్ వైరు పీకెయ్. పీకి ఫోటో తియ్. తాళం చెవి ఎవరికీ ఇవ్వొద్దు" అన్నాడు. ఆ ఫోటో సంగతి అప్పుడు నాకు అర్థం కాలేదు, చెప్పాడు కదా అని తీశాను.

ఇక మా మామగారు. ఆయన ఆర్టీసీలో పనిచేసి రిటైరయ్యారు, ఇంజిన్ల గురించి ఆయన ముందు ఎవరూ మాట్లాడకూడదు. నీళ్లు తీసిన దగ్గర్నుంచీ ఒకటే పాట. "ఒక్కసారి సెల్ఫ్ కొట్టి చూద్దాం అల్లుడూ, కదలకుండా ఉంటే పట్టేస్తుంది." వద్దు మామయ్యా అంటే, "మా రోజుల్లో బస్సుల్ని వాగుల్లోంచి తోలుకొచ్చాం" అంటారు. ఆ డీజిల్ బస్సు వేరు, ఈ సెన్సర్ల బండి వేరు అని చెప్పినా వినరు. చివరికి మా ఆవిడ తాళం చెవి తీసుకెళ్లి కందిపప్పు డబ్బాలో దాచింది. ఇల్లంతా బురద, కరెంటు లేదు, తాగే నీళ్ల కోసం పడవ దగ్గర క్యూ, మధ్యలో ఈయన తాళం చెవి వెతుకుతూ తిరగడం. ఇప్పుడు చెప్పుకుంటే నవ్వొస్తుంది.

నీళ్లలో సెల్ఫ్ కొడితే ఏమవుతుందో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. సిలిండర్లోకి గాలి వెళ్తే పిస్టన్ దాన్ని నొక్కగలదు, నీళ్లని నొక్కలేదు. పైకొచ్చిన పిస్టన్ ఆగిపోతుంది, కింద క్రాంక్ తిప్పుతూనే ఉంటుంది, మధ్యలో కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ఒక్కోసారి బ్లాక్‌కే కన్నం పడుతుంది. ఒక్క సెకను పని అది.

బురద కాస్త తగ్గాక బండిని క్రేన్ మీద సర్వీస్ సెంటర్‌కి పంపాం. పేరు చెప్పను, పెద్దదే. అక్కడి యార్డు చూస్తే కడుపులో దేవింది. వరసలు వరసలుగా కార్లు, అన్నీ ఒకే బురద రంగు, తలుపు తీస్తే ముక్కు మూసుకోవాల్సిందే. కొన్నింటికి నంబర్ ప్లేటు తుడిస్తే గానీ ఎవరిదో తెలియట్లేదు. సర్వీస్ అడ్వైజర్ కుర్రాడు ట్యాబ్ పట్టుకుని పరుగులు పెడుతున్నాడు. పాపం అతని మీద నాకు కోపం లేదు, అన్ని బండ్లకి ఇద్దరే మనుషులు. కానీ అతను చేసింది వినండి. ఖాళీ క్లెయిమ్ ఫారం మీద సంతకం పెట్టించుకుని, "సర్వేయర్ గారు వస్తే మేం చూపిస్తాం, మీరు ఇంటికెళ్లిపోండి సార్" అన్నాడు. అందరూ అలాగే సంతకాలు పెట్టి వెళ్లిపోతున్నారు. ఇళ్లు కడుక్కోవాలి కదా మరి.

నేను ఫారం నింపాకే సంతకం పెట్టాను. క్లెయిమ్ నమోదయ్యాక కంపెనీ నుంచి వచ్చిన మెసేజ్‌లో సర్వేయర్ నంబర్ ఉంది. ఆయనకే ఫోన్ చేసి ఎప్పుడొస్తారో అడిగి, బాబాయ్‌ని వెంటబెట్టుకుని వెళ్లాను.

సర్వేయర్ అంటే కంపెనీ మనిషే అనుకుంటారు చాలామంది. ఆయన్ని పంపేది, ఫీజు ఇచ్చేది ఇన్సూరెన్స్ కంపెనీయే కానీ ఆయన లైసెన్సు ఐఆర్‌డీఏఐ (బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ) ఇచ్చేది. 50,000 దాటిన మోటార్ క్లెయిమ్‌కి లైసెన్సున్న సర్వేయర్ చూడాల్సిందే. ఆయన రిపోర్టు కాపీ అడిగి తీసుకునే హక్కు మనకుంది. ఈ మాట ఏ సర్వీస్ సెంటర్‌లోనూ గోడ మీద రాసి ఉండదు.

ఆయన వచ్చారు, చెమటలు కక్కుతున్నారు, చేతిలో అప్పటికే పెద్ద లిస్టు ఉంది. మా బండి దగ్గరికి రాగానే అడ్వైజర్ ఎస్టిమేట్ చదవడం మొదలుపెట్టాడు. అందులో మొదటి లైనే ఇంజిన్ అసెంబ్లీ! బానెట్ కూడా ఎత్తకుండా ఇంజిన్ మొత్తం రాసేశాడు. సర్వేయర్ నన్ను చూసి, "ఇంజిన్ ప్రొటెక్ట్ లేదు కదండీ. స్టార్ట్ చేశారా?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే అడ్వైజర్ అందుకుని, "చేసే ఉంటారండి, అందరూ చేస్తున్నారు" అన్నాడు.

ఈ ఒక్క మాట రిపోర్టులోకి ఎక్కితే నా పని అయిపోయినట్టే. నేను అక్కడ లేకపోతే ఎక్కేదే.

ఫోన్ తీసి బ్యాటరీ వైరు పీకిన ఫోటో చూపించాను, తారీఖు, టైముతో సహా. తర్వాత నీళ్లు సీటు దాకా ఉన్నప్పుడు మెట్ల మీద నుంచి తీసిన వీడియో. బాబాయ్ ఆగలేదు. "అయ్యా, ఆయిల్ చూడండి" అని డిప్‌స్టిక్ లాగి గుడ్డ మీద తుడిచాడు. నీళ్లు కలిసిన ఆయిల్ పాలెక్కువైన టీలా ఉంటుంది. మాది నల్లగా, మామూలుగా ఉంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పించాడు, పొడిగా ఉంది. స్పార్క్ ప్లగ్గులు తీయించి, కింద పుల్లీకి స్పానర్ వేసి చేత్తో తిప్పాడు. ఇంజిన్ మెత్తగా తిరిగింది. సర్వేయర్ అప్పుడు కళ్లజోడు సరిచేసుకుని మొదటిసారి ఆ కారుని కారులాగా చూశారు. ఇంజిన్ అసెంబ్లీ కొట్టేసి ఆయిల్, ఫిల్టర్లు మార్చడం, ఫ్లషింగ్ అని రాసుకున్నారు.

అంతటితో అయిపోలేదు, అసలు మజా డిప్రిసియేషన్, అంటే పార్టు పాతబడినందుకు పెట్టే కోత దగ్గర. జీరో డెప్ లేకపోతే పార్టుని బట్టి కోత పెడతారు. రబ్బరు, ప్లాస్టిక్, టైర్లు, బ్యాటరీకి 50 శాతం. ఫైబర్‌కి 30. అద్దాలకి కోత లేదు. ఇనుప సామాను అయితే బండి వయసు ప్రకారం, మూడేళ్లు దాటి నాలుగులోపు ఉన్నదానికి 25 శాతం. సర్వేయర్ వైరింగ్ సెట్టుని ప్లాస్టిక్ కింద వేశారు. వరద బండిలో ఖరీదైన వస్తువుల్లో అదొకటి. బాబాయ్ ఒక వైరు ముక్క తెచ్చి ఆయన ముందే ఒలిచాడు. "లోపలున్నది రాగి కదండీ, పైతొక్క చూసి ప్లాస్టిక్ అంటే ఎట్లా?" ఆయన నవ్వేశారు, మెటల్ కింద మార్చారు. వేరే సర్వేయర్ అయితే మార్చేవాడో లేదో. అడగనివాడికి మాత్రం ఏదీ మారదు.

చివరికి వైరింగ్, ఎయిర్‌బ్యాగ్ బాక్స్, సెల్ఫ్ మోటార్, సీట్లు, కార్పెట్ అన్నీ ఒప్పుకున్నారు. కోతలు, 1,000 రూపాయల తప్పనిసరి మినహాయింపు పోను పెద్ద భాగమే వచ్చింది. అదే యార్డులో నా పక్క బండి ఆయన ఇంటి దగ్గర ఇల్లు కడుక్కుంటున్నాడు, ఆయన ఇంజిన్ ఖర్చుని క్లెయిమ్‌లోంచి తీసేశారు. ఆయన నిజంగా సెల్ఫ్ కొట్టాడో లేదో ఎవరికి తెలుసు?

"క్యాష్‌లెస్" అనే మాట మీద నాకు చాలా కోపం. క్యాష్‌లెస్ అంటే జేబులోంచి పైసా తీయక్కర్లేదని జనం అనుకుంటారు. కోతలు మనవే, నట్లు బోల్టులు, గ్రీజు, కూలెంట్ లాంటివి కన్స్యూమబుల్స్ అని మనవే, మధ్యలో ఫైల్ ఛార్జీలు అని ఇంకోటి. డెలివరీ రోజు బిల్లు చూసి అక్కడే గొడవ పడేవాళ్లని ఎంతమందిని చూశానో.

ఇంకో జబ్బు, ప్రీమియం తగ్గుతుందని ఐడీవీ (పాలసీలో రాసే బండి విలువ) తగ్గించుకోవడం. మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ అంటారు, అప్పుడు మీకొచ్చేది ఆ ఐడీవీ లెక్కనే. మా వీధిలో ఒకాయన ఏటా రెన్యువల్‌లో ఐడీవీని కిందికి జరుపుతూ వచ్చాడు. నీళ్లు డ్యాష్‌బోర్డు దాటాయి, టోటల్ లాస్ అయింది. వచ్చిన డబ్బుతో సెకండ్‌హ్యాండ్‌లో కూడా అదే మోడల్ దొరకలేదు. ఇక థర్డ్ పార్టీ ఒక్కటే కట్టినవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు, వరద వాళ్ల పాలసీలో లేనేలేదు. చట్టం అడిగేది థర్డ్ పార్టీయే కాబట్టి అది చాలనుకుంటారు. చట్టం ఎదుటివాడి కోసం రాసింది, మీ బండి కోసం కాదు.

మరి ఇంజిన్ ప్రొటెక్ట్ దండగా అంటారా? హైదరాబాద్‌లో ఉంటే కళ్లు మూసుకుని తీసుకోండి. 2020 అక్టోబర్‌లో టోలిచౌకి నదీమ్ కాలనీ నీట మునగడం చూశాం. నిజాంపేటలో గట్టి వాన పడితే సెల్లార్లు నిండుతాయి. నడుస్తున్న బండి గుంటలో ఆగిపోతే ఎవరి ఫోటోలూ కాపాడవు. పార్క్ చేసిన బండికి మాత్రం ఆ యాడ్-ఆన్ కన్నా మా బాబాయ్ లాంటి మనిషి ఎక్కువ పనికొస్తాడు, నేను ఎక్కడైనా ఇదే చెప్తాను.

క్లెయిమ్ తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి, నోటి మాట తీసుకోవద్దు. ముందు కంపెనీకే ఫిర్యాదు రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు విని తేల్చే అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. మన రెండు రాష్ట్రాలకీ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. ఐఆర్‌డీఏఐ వాళ్ల ఫిర్యాదుల నంబర్ 155255.

మీ కారు ఇంకా సెల్లార్‌లోనే ఉందన్నారు కాబట్టి వెంటనే బ్యాటరీ వైరు తీయించండి, నీటి మరక ఎక్కడిదాకా వచ్చిందో తలుపు లోపల, సీటు పక్కన, బానెట్ కింద ఫోటోలు తీసుకోండి, ఈ రోజే క్లెయిమ్ నమోదు చేయండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి తోయించినా పర్లేదు, స్టార్ట్ చేసి మాత్రం బయటికి తీయొద్దు. క్రేన్ రసీదు దాచుకోండి. మామూలు పాలసీలో టోయింగ్‌కి ఇచ్చేది 1,500 రూపాయలే. వరద వారంలో ఆ డబ్బుకి క్రేన్ వాడు ఫోన్ కూడా ఎత్తడు, అయినా వచ్చేది ఎందుకు వదులుకోవాలి?