జానపద కళాకారులకు మేనేజరుగా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: జర్నలిజంలో పీజీ చేసి కొంతకాలం దినపత్రికలో పనిచేశాను. మా బంధువుల్లో ఒగ్గుకథ చెప్పేవారు, డప్పు కొట్టేవారు ఉన్నారు. వారికి ప్రోగ్రాములు మాట్లాడిపెట్టడం, పత్రికల్లో వార్త వచ్చేలా చూడటం ఇప్పటికే చేస్తున్నాను. దీన్నే వృత్తిగా చేసుకోవచ్చా? (ఒక పాఠకుడు, ఉప్పల్)

జవాబు: తప్పకుండా చేసుకోవచ్చు. అయితే మీరు చెప్పినవి రెండు వేర్వేరు పనులు. సినిమా రంగంలో కాల్షీట్లు, పారితోషికం చూసే మేనేజరు వేరు, పత్రికలతో మాట్లాడే పీఆర్వో వేరు. జానపదంలో ఆ రెండూ ఒక్కరి మీదే పడతాయి కాబట్టి, పేపర్లో ఫొటో వచ్చిన రోజున పని పూర్తయినట్లు అనిపిస్తుంది. నిజానికి అసలు పని అక్కడి నుంచే మొదలవుతుంది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది, అంతకు ముందే సినిమా పాటతో ఆయన గొంతు ఇంటింటికీ చేరింది. అంతటి కళాకారుడు హైదరాబాద్ శివార్లలో కూలి పని చేస్తున్నారని 2024లో వార్తలు చదివి చాలామంది బాధపడ్డారు, నేనూ బాధపడ్డాను. పేరు దానంతటదే నెలనెలా రాబడిగా మారదు. దాన్ని అలా మార్చే మనిషి పక్కన ఉండాలి, ఆ మనిషినే నేను మేనేజరు అంటాను.

ఈ విషయంలో అమెరికాలో జానపద గాయకులకు మేనేజరుగా పనిచేసిన హెరాల్డ్ లెవెంథాల్ గురించి మీరు తెలుసుకోవాలి. కమ్యూనిస్టులన్న ముద్రతో బ్లాక్‌లిస్టులో పడి, అవకాశాలు పోయి విడిపోయిన వీవర్స్ అనే నలుగురు సభ్యుల జానపద బృందాన్ని ఆయన 1955 క్రిస్మస్ ముందురోజు న్యూయార్క్ కార్నెగీ హాలులో మళ్లీ ఒకే వేదిక ఎక్కించారు. ఒక్కొక్కరికీ విడివిడిగా ఫోన్ చేసి, మిగిలిన ముగ్గురూ ఒప్పుకున్నారని చెప్పి ఒప్పించారంటారు. ఆ చిట్కాను మీకు సిఫారసు చేయను గానీ, ఎవరూ పిలవని రోజుల్లో కళాకారుల పక్షాన నిలబడిన ఆ పట్టుదల మాత్రం నేర్చుకోదగినది. అక్కడి జానపద గాయకుడు ఉడీ గత్రీ జబ్బుపడినప్పుడు ఆయన పిల్లల కోసం ఏర్పాటైన ట్రస్టు బాధ్యత తీసుకున్నవారిలోనూ లెవెంథాల్ ఉన్నారు. పాట మీద వచ్చే డబ్బు పాటగాడి ఇంటికి చేరేలా చూడటం కూడా ఈ వృత్తిలో భాగమేనని ఆయనకు తెలుసు.

ఇక మన దగ్గర పని ఎలా ఉంటుందో చూడండి. డప్పును వాయించే ముందు మంట దగ్గర కాచాలి, లేకపోతే చర్మం బిగుసుకోదు, డప్పు సరిగా మోగదు. నగరంలోని ఆడిటోరియం లోపల మంట పెట్టనివ్వరు. ఆవరణలో ఎక్కడ కాచుకోవాలో, అక్కడి నుంచి వేదిక ఎంత దూరమో, చల్లబడేలోగా బృందం లోపలికి చేరగలదో లేదో ముందురోజే వెళ్లి చూసి, అనుమతి తీసుకోవలసినది మేనేజరే. అలాగే రాత్రంతా సాగే మల్లన్న కథకు ఇరవై నిమిషాల సమయమిచ్చి, ‘ఏదో ఒకటి చెప్పించండి’ అనే నిర్వాహకులు ఎదురవుతారు. అప్పుడు ఏ ఘట్టం విడిగా నిలుస్తుందో కథకుడినే అడిగి తెలుసుకుని, నిర్వాహకులతో మాట్లాడి కనీసం నలభై నిమిషాలు సాధించగలగాలి. కళ తెలియనివారికి ఇది చేతకాదు. మీరు ఆ ఇళ్లలో పెరిగినవారు కాబట్టి ఇది మీకున్న పెద్ద బలం. శాస్త్రీయంగా చదవాలనుకుంటే వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది.

ప్రెస్ నోట్ రాసేటప్పుడు ‘మరుగున పడిన కళ’, ‘అంతరించిపోతున్న కళ’ అనే మాటలు దయచేసి వాడకండి. ఏటా జాతరల్లో వందలమంది ముందు కథ చెబుతున్నవారిని అంతరించిపోతున్నవారని రాస్తే, నిర్వాహకులు పారితోషికం బదులు శాలువా కప్పి పంపిస్తారు. కథకుడి పేరు, ఊరు, గురువు పేరు, వెంట వచ్చే వంతపాటగాళ్ల పేర్లు, చెప్పబోయే కథ స్పష్టంగా రాస్తే విలేకరికీ పని సులువవుతుంది.

ఒక్క బృందం మీద ఆధారపడితే ఇల్లు గడవదు. బోనాలు, బతుకమ్మ, జాతరల రోజుల్లో చేతినిండా ఉండే పని మిగతా నెలల్లో బాగా తగ్గుతుంది. అందువల్ల నాలుగైదు బృందాలు మీ చేతిలో ఉండే వరకు పత్రికా రచననో, అనువాదాన్నో వదులుకోకండి.

ప్రశ్న: మా అమ్మమ్మ పాడే బతుకమ్మ పాటకు నేను కొన్ని చరణాలు కొత్తగా రాసి పాడాను. ఒక యూట్యూబ్ ఛానల్ వారు కొంత డబ్బు ఇచ్చి స్టాంపు పేపరు మీద సంతకం తీసుకున్నారు. ఇప్పుడు ఆ పాటకు లక్షల వ్యూస్ ఉన్నాయి, వివరాల్లో నా పేరు కూడా లేదు. ఇక నాకేమీ రాదా? (ఒక పాఠకురాలు, బోడుప్పల్)

జవాబు: ముందు ఆ కాగితం నకలు సంపాదించి చదవండి. తరతరాలుగా పాడుకుంటున్న పాట మీద ఎవరికీ కాపీరైటు లేదు, దాన్ని ఎవరైనా పాడవచ్చు. మీరు కొత్తగా రాసిన చరణాలు మాత్రం మీవి. రికార్డింగు మీద హక్కు సాధారణంగా దాన్ని నిర్మించినవారిది.

1957 నాటి కాపీరైటు చట్టానికి 2012లో వచ్చిన సవరణ మీలాంటివారికి గట్టి అండ. పాట రాసినవారు, బాణీ కట్టినవారు హక్కులు రాసిచ్చినా, తమకు రావలసిన రాయల్టీ వాటాను వదులుకున్నట్లు రాయించుకోవడం చెల్లదు. హక్కుల బదిలీ రాతపూర్వకంగానే ఉండాలి. కాగితంలో గడువు చెప్పకపోతే దాన్ని 5 ఏళ్లుగా, ప్రాంతం చెప్పకపోతే భారతదేశం వరకేనని పరిగణిస్తారు. గాయనిగా మీకు వేరే హక్కు 50 ఏళ్లపాటు ఉంటుంది, పాడినవారిగా మీ పేరు చూపించమని అడిగే హక్కు కూడా ఇందులో భాగమే. కాబట్టి పేరు చేర్చమని ఛానల్‌కు ఈరోజే రాతపూర్వకంగా అడగండి. ఆ పని పూర్తయ్యాక, ఆ కాగితాన్ని కాపీరైటు వ్యవహారాలు చూసే న్యాయవాదికి చూపించి డబ్బు సంగతి మాట్లాడవచ్చు. రచయితలు, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్ఎస్‌లో, గాయకుల కోసం ఉన్న ఇసామ్రాలో (పాత పేరు ఇస్రా) సభ్యత్వం గురించి కూడా విచారించండి.

పాట అమ్మమ్మ నోట విన్నదని, ఆమె పేరు, ఊరు వివరాల్లో చేర్చమని కూడా కోరండి. చట్టం అడగకపోయినా ఇది న్యాయం.

ప్రశ్న: మేనేజరుకు ఎంత శాతం ఇవ్వాలి? (ఒక డప్పు కళాకారుడు, ఘట్‌కేసర్)

జవాబు: సంగీత రంగంలో సాధారణంగా 10 నుంచి 20 శాతం మధ్య మాట్లాడుకుంటారు. శాతం కంటే, అది దేని మీద లెక్కిస్తారన్నది ముఖ్యం. ఆరుగురి బృందానికి 40,000 రూపాయలు వచ్చి, బండికి, భోజనాలకు 10,000 ఖర్చయితే, మిగిలిన 30,000 మీద 15 శాతం అంటే 4,500. ఖర్చులు తీయకుండా మొత్తం మీద లెక్కిస్తే అదే 6,000 అవుతుంది. ఖర్చులు తీసిన తరువాతే లెక్క అని ఒప్పందంలో రాయించుకోండి. మేనేజరు లేకుండా మీ ఊరివారే నేరుగా పిలిచిన ప్రోగ్రాముల మీద వాటా ఉండదని కూడా అందులోనే రాయించండి.