పావుగంటకే ఆరిపోయే పాత లాప్‌టాప్‌ను ఇంట్లో విప్పవచ్చా?

విప్పవచ్చు. అయితే ఈ రాత్రే కూర్చోకండి, ముందు ఇది చదవండి.

మీరు చెప్పిన లక్షణాలు: ఎనిమిదేళ్ల యంత్రం, ఆన్ చేసిన పావుగంటకు అడుగు భాగం కాలిపోతుంది, ఫ్యాను హోరెత్తుతుంది, ఉన్నట్టుండి ఆరిపోతుంది, చల్లబడ్డాక మళ్లీ మామూలుగా లేస్తుంది. వనపర్తిలో చూపిస్తే మదర్‌బోర్డు మార్చాలన్నారు. చల్లబడగానే లేస్తోందంటే బోర్డు కంటే ముందు గాలి దారిని అనుమానించాలి. ప్రాసెసర్ వేడి హద్దు (దాదాపు 100 డిగ్రీలు, లేదా ఇంకా పైన) దాటితే, చిప్పు కాలిపోకుండా యంత్రం దానంతటదే ఆగిపోతుంది. అది జబ్బు కాదు, రక్షణ.

మాది మిర్యాలగూడ. రైసు మిల్లులో లెక్కలు చూస్తాను. రెండేళ్ల కిందట మే నెలలో నా లాప్‌టాప్ సరిగ్గా ఇలాగే చేసింది. బయటి జాలీలోంచి టార్చి వేసి చూస్తే ఫ్యాను శుభ్రంగానే కనిపించింది. విప్పి ఫ్యాను పైకి తీశాక అసలు సంగతి తెలిసింది. ఫ్యానుకూ, ప్రాసెసర్ వేడిని మోసుకొచ్చే రాగి గొట్టం చివరనుండే సన్నటి రేకులకూ మధ్య తవుడు రంగు దుమ్ము కంబళి ముక్కలా అట్టకట్టి ఉంది. పట్టకారుతో ఒక కొస పట్టి లాగితే మొత్తం ఒకే పలకగా ఊడివచ్చింది. రేకుల్లోంచి వెలుతురు అప్పుడే కనిపించింది. బయటినుంచి ఊదితే ఈ పొర పోదు, కాస్త వెనక్కి జరిగి మళ్లీ వచ్చి అంటుకుంటుంది.

మిల్లులో మోటార్లకు కొట్టే కంప్రెసర్ గాలి మాత్రం వాడకండి. అందులో నీటి తుంపరలు ఉంటాయి, ఆ వేగానికి ఫ్యాను బేరింగు కూడా దెబ్బతింటుంది. మెత్తని బ్రష్షు చాలు. రెక్కలు తిరగకుండా పళ్లపుల్ల అడ్డం పెట్టి తుడవండి.

విప్పే ముందు మీ ఫైళ్లన్నీ వేరేచోటికి ఎక్కించుకోండి, ఇది వాయిదా వేయవద్దు. ఛార్జరు తీసి, ముందుగా బ్యాటరీ విడదీసి, పవర్ మీట పది సెకన్లు నొక్కి పట్టండి. టచ్‌ప్యాడ్ పైకి తేలినా, అడుగు భాగం ఉబ్బినా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. అలా కనిపిస్తే అక్కడే ఆపేయండి. దాన్ని పొడిచినా వంచినా నిప్పు అంటుకోవచ్చు, అది చేయి తిరిగినవాళ్ల పని.

స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు. పొట్టిదాని చోట పొడవుది బిగిస్తే అది పైభాగాన్ని పొడుచుకుని వస్తుంది, లేదా బోర్డుకు తగులుతుంది. నేను అట్టముక్క మీద లాప్‌టాప్ ఆకారం గీసి, తీసిన స్క్రూను తీసిన చోటే గుచ్చాను. ఒక్కటి కూడా తారుమారు కాలేదు.

నేను పాడుచేసింది రిబ్బన్ కేబుల్ (పట్టీలా పలుచగా ఉండే కేబుల్) దగ్గర. టచ్‌ప్యాడ్ కేబుల్‌ను పట్టి ఉంచే నల్లటి గొళ్లెం బియ్యపు గింజంత మందం కూడా ఉండదు. దాన్ని గోటితో పైకి లేపాలి, నేను పక్కకు లాగాను. టిక్కుమని విరిగింది. ఆ కేబుల్ ఇప్పటికీ పట్టు నిలవదు, అప్పటినుంచి మౌసుతోనే పని. కొన్ని గొళ్లేలు పైకి లేస్తాయి, కొన్ని ముందుకు జారుతాయి, కొన్ని కేబుళ్లకు అసలు గొళ్లెమే ఉండదు. చూడకుండా చేయి పెట్టకండి.

ప్రాసెసర్ మీద ఆనుకుని ఉండే రాగి పలకను తీశారంటే, ఆ రెండింటి మధ్య వేడిని అందించే పాత పేస్టు (థర్మల్ పేస్టు) మళ్లీ పనికిరాదు. నాది ఎండిన సున్నంలా పెళుసుబారింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో ప్రాసెసర్‌నూ పలకనూ మెరిసేదాకా తుడిచి, నడిమధ్యన బియ్యపు గింజంత కొత్త పేస్టు పెట్టండి. ఎక్కువ పెడితే ఎక్కువ చల్లబడదు. పలక స్క్రూల పక్కన 1, 2, 3, 4 అంకెలు ముద్రించి ఉంటే ఆ వరుసలోనే కొంచెం కొంచెంగా బిగించండి. తీసేటప్పుడు వెనకనుంచి రండి.

నాకు మూడు గంటలు పట్టింది. ఇప్పుడు మే ఎండల్లో కూడా రోజంతా ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) నడుస్తోంది.

మీది శుభ్రం చేశాక కూడా గరగరమంటే ఫ్యాను అరిగినట్టు. దాని మీది అంకెలు, వైర్ల సంఖ్య రాసుకుని సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ల మార్కెట్) అడిగి చూడండి. పూర్తిగా చల్లగా ఉన్నప్పుడూ ఆరిపోతుంటే తప్పు వేడిది కాదు, అప్పుడు ఛార్జరును, బ్యాటరీని, ఆ తర్వాతే బోర్డును చూడాలి. విప్పాక గొళ్లెం ఏ రకమో తెలియకపోతే లాగకముందే ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. మిల్లు నుంచి వచ్చాక రాత్రి తొమ్మిదికి చూస్తాను.