రాత్రంతా ఆయన ఊపిరి చూస్తూ కూర్చుంటున్నాను

ప్రశ్న: మావారికి 44 ఏళ్లు. గుండె లయ ప్రమాదకరంగా తప్పుతోందని నాలుగు నెలల కిందట ఛాతీలో ఐసీడీ (లయ తప్పితే షాక్ కొట్టి సరిచేసే చిన్న మిషన్) పెట్టారు. పోయిన నెల స్నానం చేస్తుంటే అది షాక్ కొట్టింది. మిషన్ సరిగానే పనిచేసిందని డాక్టరుగారు చెప్పారు. అయినా నా భయం పోలేదు. బాత్‌రూమ్ గడియ పెట్టుకోనివ్వను, ఒంటరిగా వీధిలోకి పంపను, రాత్రి ఆయన ఛాతీ మీద చెయ్యేసి మేలుకుంటాను. పదేళ్ల బాబు నాన్న పక్కన పడుకోనంటున్నాడు. ఆయనేమో నా మీద విసుక్కుంటున్నారు.

జవాబు: స్నానం చేస్తుండగా ఆయనకు అలా షాక్ కొట్టింది కాబట్టి ఈ భయం సహజమేనమ్మా. కానీ మీరు మేలుకుని చేస్తున్న కాపలా ఆ ఐసీడీ చేస్తూనే ఉంది. లయ తప్పితే మీ చెయ్యి కంటే ముందే దానికి తెలుస్తుంది. ఆయన విసుగు మీ మీద కాదనుకుంటాను. గడియ కూడా పెట్టుకోలేని మనిషినైపోయానే అన్న బాధ అది. గడియ పెట్టకుండా తలుపు దగ్గరగా వేసుకుంటే చాలని మీరిద్దరూ ఒక మాట అనుకోండి. మిగతాది ఆయనకు వదిలేయండి.

భయానికి మందు, ఏం చేయాలో ముందే తెలిసి ఉండటం. ఒక్కసారి షాక్ కొట్టి, తర్వాత మనిషి మామూలుగా ఉంటే డాక్టరుకు ఫోన్ చేయండి. వెంటవెంటనే మళ్లీ కొట్టినా, ఒకే రోజులో రెండోసారి కొట్టినా, స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి, ఆయాసం ఉన్నా ఆలోచించకుండా 108కి చేయండి. ఇది కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. మీరూ, ఇంట్లో ఇంకో పెద్దవాళ్లూ సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కుతూ చేసే ప్రథమ చికిత్స) నేర్చుకోండి.

బాబుతో మాత్రం వాళ్ల నాన్నే మాట్లాడాలి. చొక్కా తీసి, భుజం కింద ఉబ్బెత్తుగా ఉన్న చోటు చూపించమనండి. షాక్ కొట్టేటప్పుడు నాన్నను పట్టుకున్నా కాస్త జివ్వుమంటుందేమో గానీ ప్రమాదం లేదని చెప్పమనండి. పిల్లవాడు తన వల్లే నాన్నకేమైనా అవుతుందని భయపడుతుండొచ్చు. 108కి ఫోన్ చేసే పని వాడికి అప్పగిస్తే ధైర్యం వస్తుంది.

వచ్చే చెకప్‌కు ఇద్దరూ కలిసి వెళ్లండి. బండి ఎప్పటి నుంచి నడపొచ్చో, దాంపత్య జీవితం సంగతేమిటో మొహమాటపడకుండా అడగండి. కొన్ని లయ జబ్బులు వంశపారంపర్యంగా వస్తాయి, బాబుకు ఈసీజీ అవసరమా అన్నదీ అడిగేయండి. ఇంకో రెండు వారాలకూ మీకు నిద్ర పట్టకపోతే, మీ కోసం కూడా ఒక డాక్టరును కలవండి.