ఇంటి దగ్గర పురుళ్లు పోసే మిడ్‌వైఫ్ కావాలంటే

ప్రశ్న: నమస్తే మేడమ్. మేము డాలస్ దగ్గర ఉంటాం. నేను ఇండియాలో బీకాం చేశాను, మెడికల్ వైపు ఒక్క ముక్క చదవలేదు. మా రెండో పాపని బర్త్ సెంటర్‌లో మిడ్‌వైఫ్ దగ్గర కన్నాను, అప్పటి నుంచీ ఈ పనే చెయ్యాలని పట్టుకుంది. హాస్పిటల్లో వద్దు, ఇళ్లలోనూ బర్త్ సెంటర్లలోనూ చెయ్యాలని ఉంది. నెట్‌లో చూస్తే సీపీఎం, సీఎన్ఎం, సీఎం, ఎల్ఎం అని అన్నీ పొడి అక్షరాలే. నర్సింగ్ చదవకుండా అవ్వొచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, టెక్సాస్

జవాబు: అవ్వొచ్చు, టెక్సాస్‌లో అయితే నిక్షేపంగా అవ్వొచ్చు. కానీ కోర్సుల వెబ్‌సైట్లు తెరిచే ముందు ఒక సంగతి చూసుకోండి. సర్టిఫికెట్ వేరు, లైసెన్స్ వేరు. సర్టిఫికెట్ దేశమంతటికీ ఒకటే, లైసెన్స్ మాత్రం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం ఇస్తుంది, ఎవరికి ఇవ్వాలో దాని ఇష్టం. ఇది తెలియక ఫీజులు కట్టేసి, సగంలో ఉండగా ఆయన ఉద్యోగం మారి ఇంకో రాష్ట్రానికి వెళ్లాల్సొచ్చినప్పుడు తల పట్టుకునేవాళ్లుంటారు. సీపీఎంలకి (ఈ అక్షరాల సంగతి కిందే చెప్తాను) లైసెన్స్ ఇచ్చే రాష్ట్రాలు 35కి పైనే. టెక్సాస్ ఇస్తుంది, అక్కడ ఆ పని చూసేది టీడీఎల్ఆర్ అనే శాఖ. న్యూజెర్సీ ఇస్తుంది. నది దాటి న్యూయార్క్ వెళ్తే అదే సీపీఎం ఒక్కటే పట్టుకుని పురుడు పోయడం చట్టవిరుద్ధం, అక్కడ మాస్టర్స్ స్థాయి చదువున్న సీఎన్ఎంలకీ సీఎంలకే లైసెన్స్. కాబట్టి వచ్చే ఐదారేళ్లు ఎక్కడ ఉంటారో ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాకే ముందుకెళ్లండి.

ఇక ఆ అక్షరాలు. సీపీఎం అంటే సర్టిఫైడ్ ప్రొఫెషనల్ మిడ్‌వైఫ్, ఇచ్చేది నార్త్ అమెరికన్ రిజిస్ట్రీ ఆఫ్ మిడ్‌వైవ్స్, అందరూ నార్మ్ అంటారు. 1994 నుంచి ఇస్తున్నారు, హాస్పిటల్ బయట పురుళ్లు చేసిన అనుభవం ఉండి తీరాలని పట్టుబట్టేది ఈ ఒక్కటే. సీఎన్ఎం అంటే ముందు రిజిస్టర్డ్ నర్సు, ఆపైన మిడ్‌వైఫరీలో పీజీ. సీఎం కూడా పీజీయే, పరీక్ష కూడా అదే, నర్సు అయి ఉండక్కర్లేదు, కాకపోతే చెల్లేది కొద్ది రాష్ట్రాల్లోనే. ఎల్ఎం అనేది చదువు పేరు కాదు, లైసెన్స్ వచ్చాక రాష్ట్రం పెట్టే పేరు.

మీకు సరిపోయేది సీపీఎం. అందులో రెండు దారులున్నాయి. మీక్ అనే సంస్థ గుర్తించిన స్కూల్లో చేరి చదవడం ఒకటి, దాదాపు మూడేళ్లు పడుతుంది, కొన్ని స్కూళ్లు పాఠాలు ఆన్‌లైన్‌లో చెప్పి ప్రాక్టికల్స్ మీ ఊళ్లోనే చేసుకోనిస్తాయి. రెండోది పెప్, అంటే అనుభవం ఉన్న ఒక మిడ్‌వైఫ్ వెంట తిరిగి, పని నేర్చుకుని, చేసిన ప్రతి పనికీ ఆవిడ చేత సంతకం పెట్టించుకుని ఆ ఫైలు నార్మ్‌కి పంపడం. ఏ దారిన వచ్చినా చివర్లో నార్మ్ రాతపరీక్ష ఉంటుంది, సీపీఆర్, పుట్టిన బిడ్డకి ఊపిరి అందించే శిక్షణ కూడా ఉండాలి.

పెప్ అంటే చాలామంది తేలిక అనుకుంటారు, ఫీజు తక్కువ కదా అని. లెక్క చూడండి: ముందు 10 పురుళ్లు ఊరికే చూడాలి, 20 పురుళ్లకి సాయం చెయ్యాలి, ఆ తర్వాత పక్కన గురువు నిలబడి చూస్తుండగా 25 మీరే ప్రధానంగా చెయ్యాలి. వీటితో పాటు 75 గర్భిణీ పరీక్షలు, 20 పసిబిడ్డల పరీక్షలు, 40 బాలింతల పరీక్షలు. తక్కువలో తక్కువ రెండేళ్లు. ఇళ్లలో పురుళ్లు చేసే మిడ్‌వైఫ్‌కి నెలకి నాలుగైదు కాన్పులు ఉంటే గొప్పే, అందులో ఒకటి హాస్పిటల్‌కి వెళ్లిపోతుంది, ఇంకోటి మీరు వచ్చేలోపే అయిపోతుంది. అందుకే మూడు నాలుగేళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు.

అసలు అడ్డంకి మాత్రం గురువు దొరకడమే. ఒక మిడ్‌వైఫ్ ఒకేసారి ఒకరిద్దరికి మించి శిష్యుల్ని పెట్టుకోదు, కన్నతల్లి ఒప్పుకోవాలి కదా మరి, గదిలో ఎంతమందిని రానిస్తుంది? జీతం ఉండదు, కొందరైతే ఎదురు డబ్బు తీసుకుంటారు. ఆవిడ నార్మ్ దగ్గర ప్రిసెప్టర్‌గా, అంటే నేర్పే గురువుగా, రిజిస్టర్ అయిందో లేదో మొదటి రోజే అడగండి, మొహమాటపడకండి. రిజిస్టర్ కాకపోతే ఆ సంతకాలు లెక్కలోకి రావు, మీ కష్టం గంగపాలు. ఇంకోటి, పెప్ దారిన వచ్చినవాళ్లని కొన్ని రాష్ట్రాలు 50 గంటల అదనపు శిక్షణతో వచ్చే బ్రిడ్జ్ సర్టిఫికెట్ అడుగుతున్నాయి. ఫ్లోరిడా, వాషింగ్టన్ లాంటి చోట్ల స్కూలు చదువే కావాలంటారు. డబ్బుకి మరీ ఇబ్బంది లేకపోతే నా ఓటు స్కూలుకే, ఎందుకంటే రాష్ట్రం మారినా అక్కరకొస్తుంది.

ఈలోపు డౌలాగా కొన్నాళ్లు చెయ్యండి. డౌలా వైద్యం చెయ్యదు, తల్లికి తోడుగా ఉంటుంది అంతే. కానీ రాత్రి రెండింటికి ఫోనొస్తే పిల్లల్ని ఎవరు చూస్తారు, నొప్పులు ఇరవై గంటలు సాగితే మీ నడుం ఏమంటుంది అనేవి అక్కడే తేలిపోతాయి.

ప్రశ్న: అక్కా, నేను గుంటూరులో బీఎస్సీ నర్సింగ్ చేశాను. ఇప్పుడు హెచ్4 మీద న్యూజెర్సీలో ఉన్నాను. నాకూ ఇళ్లలో పురుళ్లు చేయాలనే ఉంది. మళ్లీ మొదటి నుంచీ చదవాలా?
– ఇంకో పాఠకురాలు

జవాబు: అక్కర్లేదమ్మా. నీ చేతిలో నర్సింగ్ ఉన్నప్పుడు సీఎన్ఎం వదులుకోకు. మార్కుల పత్రాలు సీజీఎఫ్ఎన్ఎస్ (ఇప్పుడు ట్రూమెరిట్ అని పేరు మార్చుకుంది) లాంటి సంస్థతో లెక్కగట్టించుకుని, ఎన్‌క్లెక్స్ అనే నర్సుల పరీక్ష పాసై, ఆర్ఎన్ అంటే రిజిస్టర్డ్ నర్సు లైసెన్స్ తెచ్చుకుని, ఆపైన మిడ్‌వైఫరీలో పీజీ. అది రెండు మూడేళ్లు. యాభై రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది, ఇన్సూరెన్స్ వాళ్లతో పేచీ తక్కువ, మందులు రాయొచ్చు. ఒక్కటే లోటు: ప్రాక్టికల్స్ ఎక్కువగా హాస్పిటల్లోనే జరుగుతాయి, ఇంటి పురుడు ఒక్కటీ చూడకుండానే పట్టా చేతికొచ్చే అవకాశం ఉంది. చేరేముందే బర్త్ సెంటర్‌లో క్లినికల్స్ ఇప్పిస్తారా అని అడుగు, పట్టా వచ్చాక కూడా కొన్నాళ్లు ఇళ్లకి వెళ్లే మిడ్‌వైఫ్ పక్కన పనిచెయ్యి. హెచ్4 మీద చదువుకోవచ్చు, పని మాత్రం ఈఏడీ, అంటే పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి కార్డు, లేకుండా కుదరదు. జీతం లేని అప్రెంటిస్ పని కూడా పని కిందకి వస్తుందా అన్నది ఇమిగ్రేషన్ లాయర్‌నే అడుగు, వాట్సాప్ గ్రూపుని కాదు.

ప్రశ్న: ఇంట్లో పురుడంటే ప్రాణాలతో చెలగాటం కాదా? మీరు ఆడపిల్లల్ని ఇటు తోయడం బాగోలేదు.
– కోపంగా ఉన్న ఒక తండ్రి, అట్లాంటా

జవాబు: మీ భయం ఉత్తినే వచ్చింది కాదండీ. అమెరికా గైనకాలజిస్టుల సంఘం ఏసీఓజీ 2017లో చెప్పింది ఇదే: హాస్పిటల్‌తో పోలిస్తే ఇంటి పురుళ్లలో బిడ్డ చనిపోయే ప్రమాదం రెట్టింపుకి పైన, అయితే మొత్తంగా వెయ్యికి ఒకటి రెండు. కవలలైతే, బిడ్డ అడ్డం తిరిగితే, ముందు సిజేరియన్ అయి ఉంటే ఇంట్లో అసలు వద్దంది. ఇంకోవైపు 2004 నుంచి 2009 దాకా ఇంట్లో కనాలని మిడ్‌వైఫ్‌ల దగ్గర చేరిన దాదాపు 17 వేల మంది లెక్కల్లో 89 శాతం ఇంట్లోనే కన్నారు, సిజేరియన్ 5 శాతమే. మిగతా 11 శాతాన్ని నొప్పులు మొదలయ్యాక హాస్పిటల్‌కి మార్చారు, ఎక్కువమందికి కాన్పు ముందుకి సాగకే. నేను ఈ పనికి వచ్చే అమ్మాయిల్లో చూసేది ఆ 11 శాతం గురించే: ఎవర్ని మొదట్లోనే కాదనాలి, ఎప్పుడు కారు తీయించాలి, రక్తస్రావం మొదలైతే ఏ ఇంజెక్షన్ ఎంత ఇవ్వాలి. చదువూ లైసెన్సూ ఉన్న మనిషి లేకపోయినా ఇంట్లో కనాలనుకున్నవాళ్లు కంటూనే ఉంటారు, అప్పుడు పక్కన ఎవరుంటే నయం అన్నది మీరే చెప్పండి.

ప్రశ్న: సీపీఎం తెచ్చుకుని హైదరాబాద్ వచ్చేస్తే అక్కడ పని చెయ్యొచ్చా?
– ఒక పాఠకురాలు, ఆస్టిన్

జవాబు: కుదరదు. మన దగ్గర సీపీఎంకి గుర్తింపు లేదు. కేంద్రం 2018లో తెచ్చిన మిడ్‌వైఫరీ మార్గదర్శకాల ప్రకారం రిజిస్టర్డ్ నర్సులకి 18 నెలల శిక్షణ ఇచ్చి ఆసుపత్రుల్లోనే మిడ్‌వైఫ్‌లుగా పెడుతున్నారు, ఇళ్లలో పురుళ్లకి కాదు. తిరిగొచ్చే ఆలోచన గట్టిగా ఉంటే ముందు నర్సింగ్ చదవండి, అది రెండుచోట్లా పనికొస్తుంది.